కీటో సరే, మాత్రల సంగతేంటి?

మా ఆఫీసులో మధ్యాహ్నం ఎవరు ఏ డైట్‌లో ఉన్నారో వాళ్ళ డబ్బా చూసి చెప్పేయొచ్చు. పనీరు ముక్కలు, నాలుగు గుడ్లు, గుప్పెడు బాదంపప్పులు ఉంటే కీటో. కొర్రన్నం ఉంటే చిరుధాన్యాల బ్యాచ్. అసలు డబ్బానే లేకపోతే ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్. మామూలుగా అన్నం, పప్పు, పెరుగు తెచ్చుకున్నవాణ్ణి మాత్రం అందరూ జాలిగా చూస్తారు, రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు కాల్చేవాణ్ణి చూసినట్టు. పోయిన వారం మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, మా నాన్నకి షుగరు. కీటో పెట్టిద్దామనుకుంటున్నా. మీరు చేశారంట కదా, ఆ ప్లాను కాస్త పంపించవా" అన్నాడు. పంపలేదు. ఎందుకు పంపలేదో సాయంత్రం క్యాబ్‌లో వాడు తిరుమలగిరిలో దిగేదాకా చెబుతూనే ఉన్నాను. (హైటెక్ సిటీ నుంచి యాప్రాల్‌కి రోజూ తిరిగేవాళ్ళకి ఇంకేది కరువైనా కబుర్లకి టైము కరువు లేదు. బాలానగర్ దాటి బోయిన్‌పల్లి చేరేలోపు ఒక సినిమా కథ మొత్తం చెప్పొచ్చు.) వాడికి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను, బీటెక్ చదివినవాణ్ణి. కాబట్టి ఇది వైద్యసలహా కాదు. ఒక తప్పు చేసి, ఆ తర్వాత ఎందుకు తప్పో కూర్చుని చదువుకున్నవాడి అభిప్రాయం, అంతే.

2023 జనవరిలో నేను కీటో మొదలుపెట్టాను. అప్పుడు నా బరువు 91 కేజీలు. లాక్‌డౌన్ పుణ్యమా అని రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, అమ్మ పెట్టినవన్నీ కీబోర్డు పక్కనే పెట్టుకుని తిన్నదాని ఫలితం. అన్నం, ఇడ్లీ, చపాతీ, పళ్ళు, పాలు అన్నీ బంద్. మొదటి వారం తలనొప్పి, నీరసం, అందరి మీదా చిరాకు. రెండో వారం నుంచి బాగానే ఉంది. నాలుగు నెలల్లో 11 కేజీలు తగ్గాను. నిజం చెప్పాలంటే కాస్త పొగరు కూడా వచ్చింది. పెళ్ళిళ్ళకి వెళ్ళి బిర్యానీ వద్దని చెప్పి, ఎందుకు వద్దో అడగనివాళ్ళకి కూడా చెప్పేవాణ్ణి :-)

ఇదంతా మా నాన్న గమనిస్తూనే ఉన్నారు. ఆయన ఆర్మీలో పనిచేసి రిటైరై యాప్రాల్‌లో స్థిరపడ్డారు. ఇక్కడ రాయి విసిరితే రిటైరైన సుబేదారుకో, కల్నలుకో తగులుతుంది కాబట్టి అదేం వింత కాదు. షుగరు పదకొండేళ్ళ నుంచి ఉంది. ఉదయం, రాత్రి ఒక మాత్ర, అందులో మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ కలిపి ఉంటాయి. "నాక్కూడా అదేదో పెట్టరా, ఈ మాత్రలు మింగలేక ఛస్తున్నా" అన్నారు. అమ్మ వద్దంది. డాక్టర్ని అడగమంది. నేనేమో "డాక్టర్లు కీటో వద్దనే చెప్తారమ్మా, వాళ్ళకివన్నీ తెలీవు" అన్నాను. ఇది నేనన్న మాటే. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఒక శుక్రవారం మొదలుపెట్టాం. నాన్న క్రమశిక్షణ గురించి చెప్పేదేముంది, నేను రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి గ్రాముల్లెక్కన తిన్నారు. మాత్రలు కూడా అంతే క్రమశిక్షణతో రెండు పూటలా వేసుకున్నారు. మాత్రల గురించి ఆయన అడగలేదు, నేను ఆలోచించలేదు. ఐదో రోజు పొద్దున ఐదున్నరకి వాకింగ్‌కని గేటు తీసి, అక్కడే కూలబడిపోయారు. ఒళ్ళంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. నాకు గుండెపోటు తప్ప ఇంకోటి తోచలేదు. పక్కింటి అంకుల్ ఆర్మీ మెడికల్ కోర్‌లో చేసినాయన, ఆయనొచ్చి ముందు గ్లూకోమీటర్ అడిగారు. 48. పంచదార నీళ్ళు తాగించారు, పావుగంటలో నాన్న మనుషుల్లో పడ్డారు. ఇంకో గంట ముందు, నిద్రలో అయ్యుంటే ఏమయ్యేదన్నది నేను ఎక్కువగా ఆలోచించను.

ఆస్పత్రిలో డాక్టరుగారు తిడతారనుకున్నాను. కీటోని ఒక్క మాట కూడా అనలేదు. "గ్లిమిపిరైడ్ ఎందుకు ఆపలేదు?" అని మాత్రం అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది ఇది: మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ కిందకి పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, మనం తిన్నామా లేదా అని చూడదు, క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ బయటికి పంపిస్తుంది. రెండు పూటలా అన్నం తినే మనిషికని లెక్కేసి ఇచ్చిన మోతాదు అది. ఆ అన్నం తీసేసి మాత్ర అలాగే ఉంచారు.

నా ఉద్యోగం సంగతి చూడండి. కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్క లైను మార్చాలంటే చేంజ్ రిక్వెస్టు, ఇద్దరి అప్రూవల్, రోల్‌బ్యాక్ ప్లాను. శుక్రవారం రిలీజు చేయకూడదని టీమ్‌లో అందరికంటే గట్టిగా వాదించేది నేనే. అలాంటివాణ్ణి మా నాన్న ఒంట్లో, దేనిమీద ఏది ఆధారపడి ఉందో చూడకుండా, శుక్రవారం నాడే నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టేశాను.

నా అభిప్రాయం ఏంటంటే, కీటో తిండి అలవాటు కాదు, వైద్యం. పనిచేసే వైద్యమే. అందుకే దానికి మిగతా మందులతో పేచీ వస్తుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. కీటోజెనిక్ డైట్ పుట్టిందే వైద్యంగా. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టర్ దీన్ని మూర్ఛరోగుల కోసం ప్రతిపాదించాడు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతున్నాయని అప్పటికే గమనించారు, కానీ ఎవరైనా ఎన్నాళ్ళని ఉపవాసం ఉంటారు? తింటూనే ఒంటిని ఉపవాసంలో ఉన్నట్టు నమ్మించడమే ఈ డైటు. పిండిపదార్థాలు బాగా తగ్గించేస్తే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారు చేస్తుంది, మెదడు వాటితో నడుస్తుంది. 1938లో ఫెనిటాయిన్ మందు వచ్చాక దీన్ని చాలావరకు పక్కన పెట్టారు, 1990లలో మళ్ళీ లేచింది. మందులకి లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకి ఇప్పటికీ ఇస్తారు. అదెలా ఇస్తారో చదివితే మనం చేసే పని ఎంత అన్యాయమో అర్థమవుతుంది. ప్రతి పూటా తూకమేసి పెడతారు, పక్కన డైటీషియన్ ఉంటారు, రక్తపరీక్షలు జరుగుతూ ఉంటాయి, కిడ్నీలో రాళ్ళు వస్తున్నాయేమో చూస్తుంటారు. అదే డైటుని మనం ఫోన్‌లో వచ్చిన ఫార్వర్డు చూసి ఇంట్లో పెద్దవాళ్ళకి పెట్టేస్తున్నాం.

తెలుగువాళ్ళకి కీటో అనగానే గుర్తొచ్చేది వీరమాచనేని రామకృష్ణగారే. (మా నాన్న విషయానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. ఆ కాగితం రాసింది నేను, తప్పూ నాదే.) విజయవాడకి చెందిన ఆయన డాక్టర్ కాదు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. 2017, 2018 ప్రాంతంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆయన పేరు మోగిపోయింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అని నాలుగు పిల్లర్లు చెప్పేవారు. నేనప్పుడు ఫైనలియర్‌లో ఉన్నాను. హాస్టల్ నుంచి ఇంటికొస్తే చుట్టాల్లో ఎవరో ఒకరు గ్లాసులో కొబ్బరినూనె పోసుకుని కళ్ళు మూసుకుని తాగుతుండేవాళ్ళు. నెత్తికి తప్ప ఇంకోదానికి కొబ్బరినూనె వాడి ఎరగని వంశం మాది! టీవీల్లో ఒకవైపు డాక్టర్లు, ఇంకోవైపు బరువు తగ్గినవాళ్ళు కూర్చుని గంటలు గంటలు కొట్టుకున్నారు.

ఆ చర్చలు ఇప్పుడు తలచుకుంటే ఇరుపక్షాలూ సగం సగం చెప్పాయనిపిస్తుంది. బరువు తగ్గినమాట నిజం, షుగర్ అదుపులోకి వచ్చినమాటా నిజం. అన్నం మానేస్తే షుగర్ తగ్గడంలో మాయేం లేదు. వంద గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, మనం పూటకి ఎంత అన్నం తింటామో మనకి తెలుసు. కీటోలో రోజు మొత్తానికి 50 గ్రాములు దాటకూడదు. అలాంటప్పుడు ఆ నిజాన్ని ఒప్పుకోకుండా, జనం కళ్ళారా చూసినదాన్ని "అంతా ట్రాష్" అన్న డాక్టర్లు తమ మాట విలువ తామే తగ్గించుకున్నారు. దాని ఫలితం ఏంటంటే, జనం డైటు మానలేదు, డాక్టరుకి చెప్పడం మానేశారు. నేను అమ్మతో అన్న మాట ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఆ గాలిలోంచే వచ్చింది. ఒక్కో పేషెంటుకి మూడు నిమిషాలు మించి ఇవ్వలేని డాక్టర్ల ఇబ్బంది నాకు తెలియకపోలేదు. అయినా "వద్దు" అనడానికి పట్టే టైములోనే "చేస్తే ఈ మాత్ర ఆపి చెయ్యి, వారంలో కనపడు" అనొచ్చు కదా.

రెండో పక్షం తప్పు ఇంకా పెద్దది. కొబ్బరినూనెలో దాదాపు తొంభై శాతం సంతృప్త కొవ్వే. వంద గ్రాములు తాగితే 900 కేలరీలు. "కొవ్వు తింటే కొవ్వు పెరగదు" అన్నది బరువు వరకు కొంత నిజం కావచ్చు, రక్తంలో ఎల్‌డీఎల్ విషయంలో అందరికీ నిజం కాదు. నా సంగతే చెప్తాను. మొదలుపెట్టకముందు నా ఎల్‌డీఎల్ 124. ఐదో నెలలో 191. పక్కన గూగుల్ తెరిచి "ఎల్‌డీఎల్ పెరిగినా పర్లేదు, అది పెద్ద కణాల రకం" అని చెప్పే వీడియోలు రాత్రి రెండింటి దాకా చూశాను. నాకు కావలసిన జవాబు దొరికేదాకా వెతికానన్నమాట. మర్నాడు పొద్దున కీటో ఆపేశాను. ఇరవై ఆరేళ్ళకి ఆ అంకె పెట్టుకుని ముప్పై ఏళ్ళు తిరిగితే ఏమవుతుందో ఆ వీడియోల్లో ఎవరూ చూపించలేదు. ఎల్‌డీఎల్ అందరికీ పెరగదు, కొందరికి కొంచెమే పెరుగుతుంది, కొందరికి విపరీతంగా పెరుగుతుంది. మనం ఏ రకమో పరీక్ష చేయించుకుంటే తప్ప తెలీదు, కాబట్టి ముందొకసారి, రెండు మూడు నెలలకి ఒకసారి చేయించుకోండి.

సరే, కీటోతో షుగర్ నిజంగా వెనక్కి పోతుందా? ఈ విషయంలో రెండు అధ్యయనాలు నాకు బాగా నచ్చాయి. అమెరికాలో ఇండియానాలో 2018లో ఫలితాలు వెలువడిన ఒకదాంట్లో 262 మంది షుగర్ ఉన్నవాళ్ళు కీటో చేశారు. ఏడాదిలో సగటు హెచ్‌బీఏ1సీ 7.6 నుంచి 6.3కి వచ్చింది, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళలో 94 శాతం మందికి మోతాదు తగ్గింది లేదా పూర్తిగా పోయింది. (సగటు ఎల్‌డీఎల్ పది శాతం దాకా పెరిగింది కూడా.) ఇది చూసి కీటో అభిమానులు ఎగిరి గంతేస్తారు. కానీ ఆ 262 మందినీ డాక్టర్లు దూరం నుంచే కనిపెట్టుకుని ఉండి, రీడింగులు చూస్తూ మందులు తగ్గించుకుంటూ వచ్చారు. ఇంకో మాట, వీళ్ళు చీటీలు తీసి ఎంపిక చేసినవాళ్ళు కాదు, మేం చేస్తామని ముందుకొచ్చినవాళ్ళు.

రెండోది బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనం, 2017 డిసెంబరులో లాన్సెట్‌లో వచ్చింది. 306 మంది. వాళ్ళలో డైటు చేసిన సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి 850 కేలరీల లోపే ఇచ్చారు. ఏడాది తర్వాత వాళ్ళలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. పదిహేను కేజీలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం మందికి. మజా ఏంటంటే వాళ్ళు తాగిన ఆ పానీయాల్లో దాదాపు అరవై శాతం కేలరీలు పిండిపదార్థాలవే! అంటే కీటోకి పూర్తిగా వ్యతిరేకం. బరువు దిగడమే అసలు సంగతి, ఏ దారిన దిగినా. ఇంకా రెండు విషయాలున్నాయి. ఆరేళ్ళకి మించి షుగర్ ఉన్నవాళ్ళని అందులో చేర్చుకోలేదు, మా నాన్నది పదకొండేళ్ళు. అలాగే డైటు మొదలుపెట్టిన మొదటి రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించేశారు. మొదటి రోజే! నేను ఇది రెండేళ్ళు ముందు చదివుంటే బాగుండేది. బీపీ మాత్రలెందుకంటే, తిండి ఇలా మారినప్పుడు ఒంట్లోంచి ఉప్పు, నీళ్ళు పోతాయి, బీపీ దానంతటదే తగ్గుతుంది. పైన మాత్ర కూడా వేస్తే మంచం మీంచి లేచేసరికి కళ్ళు తిరుగుతాయి. కీటోలో మొదటి వారమే మూడు కేజీలు తగ్గామని సంబరపడతామే, అందులో ఎక్కువ భాగం ఈ నీళ్ళే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. క్యాబ్‌లో ఆ కుర్రాణ్ణి "మీ నాన్న ఏ మాత్రలు వేసుకుంటారు?" అని అడిగితే వాట్సాప్‌లో చీటీ ఫోటో తెప్పించి చూపించాడు. అందులో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. నా గుండె గుభేలుమంది.

గ్లిఫ్లోజిన్ అని పేరు చివర వచ్చే మందులన్నీ ఒక జాతి. ఇవి షుగర్‌ని మూత్రంలో బయటికి పంపేస్తాయి. గుండెకీ, కిడ్నీలకీ చాలా మంచి చేస్తాయని పేరు, అది నిజమే. 2020 అక్టోబరులో మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు అయిపోయాక రకరకాల కంపెనీలవి చౌకగా వచ్చేశాయి, ఇప్పుడు చాలా చీటీల్లో కనిపిస్తోంది. ఇబ్బంది ఎక్కడంటే, ఈ మందు వేసుకున్న ఒళ్ళు అప్పటికే కాస్త కీటోన్ల వైపు మొగ్గి ఉంటుంది. దాని మీద అన్నం కూడా మానేస్తే కీటోన్లు హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. దాన్నే కీటోఅసిడోసిస్ అంటారు, ఐసీయూ వ్యవహారం. కీటో చేసే మామూలు మనిషిలో కీటోన్లు సాధారణంగా 0.5 నుంచి 3 మధ్య ఉంటాయి, ఇందులో దాన్ని దాటి ఎక్కడికో పోతాయి. మామూలుగా అయితే కీటోఅసిడోసిస్ వచ్చినప్పుడు షుగర్ మూడొందలో నాలుగొందలో చూపిస్తుంది, ఇంట్లోవాళ్ళకి అర్థమవుతుంది. ఈ మందుతో వచ్చినప్పుడు నూటయాభయ్యో, నూటఎనభయ్యో మాత్రమే చూపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉన్నా మీటర్ చూసి "షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అనుకుంటాం. అమెరికా ఎఫ్‌డీఏ 2015 మేలోనే దీని గురించి హెచ్చరించింది. మన కీటో వీడియోల్లో నేను చూసినవాటిలో ఒక్కదాంట్లోనూ ఈ పేరు వినలేదు.

మా నాన్న పాత మాత్ర ఆపి, ఆ తర్వాత మా డాక్టరుగారు రాసింది కూడా ఇదే జాతి మందు. రాస్తూనే నా వైపు తిరిగి "ఇది వేసుకున్నంతకాలం మీ కీటో గీటో పెట్టకండి, ఉపవాసాలు కూడా నన్నడక్కుండా చేయించకండి" అన్నారు. అమ్మ అప్పుడు నా వైపు చూసిన చూపు గురించి రాయను.

ఇంతా చెప్పి, "అయితే హాయిగా అన్నం తినేద్దాం" అనుకునేవాళ్ళకి అంత సీను లేదని కూడా చెప్పాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు మన ఊరి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రకటించిన అధ్యయనం మీలో చాలామంది చూసే ఉంటారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువ ఉంది. ఆ లెక్కన మా లంచ్ టేబుల్ దగ్గర పదిమంది కూర్చుంటే ఎనిమిది మందికి. అంటే రోగం అబద్ధం కాదు, అన్నం మీద పడ్డ అనుమానమూ అబద్ధం కాదు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా తిండిలో ధాన్యాల వాటా 45 శాతం కేలరీలు దాటొద్దనే ఉంది. మన ఇళ్ళల్లో అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. 2022లో ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం వాళ్ళు పద్దెనిమిది వేలమంది తిండి లెక్కలు తీసి, కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు వెనక్కి మళ్ళాలంటే పిండిపదార్థాలు 49 నుంచి 54 శాతం, ప్రొటీన్ 19, 20 శాతం దగ్గర ఉంటే మంచిదని అంచనా వేశారు. కీటోలో పిండిపదార్థాలు పది శాతం లోపే. ఈ రెండు అంకెల మధ్య ఎంత జాగా ఉందో చూడండి! మన గొడవంతా ఈ కొస, ఆ కొస పట్టుకునే. మధ్యలో ఉన్నదానికి వీడియోలు చేస్తే ఎవరూ చూడరు కాబోలు.

ఆరోగ్యంగా ఉండి, ఏ మందులూ వాడని ముప్పై ఏళ్ళవాడు మూడు నెలలు కీటో చేస్తానంటే నేను వద్దనను. మలబద్ధకం, నోటి వాసన లాంటివి భరిస్తాడు, మధ్యలో ఎల్‌డీఎల్, యూరిక్ యాసిడ్ చూసుకుంటాడు. ఆపాక ఏం తింటాడన్నది ముందే ఆలోచించుకుంటే చాలు. నేను ఆలోచించుకోలేదు, 11 కేజీల్లో ఐదు వెనక్కొచ్చేశాయి. కానీ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటివి, గ్లిఫ్లోజిన్లు వాడేవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు, వీళ్ళకి ఎవరైనా డైట్ ప్లాను ఫార్వర్డ్ చేస్తే దాన్ని నేను మందులషాపులో చీటీ లేకుండా మందు అమ్మడం కిందే లెక్కేస్తాను.

ఆ కుర్రాడు ఆదివారం వాళ్ళ నాన్నని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాడట. సోమవారం లంచ్‌లో చెప్పాడు. డాక్టర్ కీటో వద్దన్నారట, అన్నం సగం చేసి మిగతా సగం జాగాలో పప్పూ కూరా పెంచమన్నారట, మూడు నెలల తర్వాత మాత్రల సంగతి చూద్దామన్నారట. "దీనికోసమా అన్నా అయిదొందలు ఫీజు కట్టింది" అని వాడి ఏడుపు. మా నాన్న చేస్తున్నదీ దాదాపు అదే. హెచ్‌బీఏ1సీ పోయిన నెల 6.9 వచ్చింది. ఫ్రిజ్ మీద నేను అంటించిన కాగితం తీసేశారు కానీ పారేయలేదు. నేను ఏదైనా సలహా ఇవ్వబోతే సొరుగులోంచి తీసి చూపిస్తారు.